వింబుల్డన్ లేడీస్ సింగిల్స్: ఏ రోజు వెళ్ళాలి, ఏ కోర్టు దగ్గర కూర్చోవాలి, ఏ టికెట్ కొనాలి

వింబుల్డన్‌లో మహిళల సింగిల్స్ కోసం మీ చేతిలో ఒక్క రోజే ఉంటే ఫైనల్ జరిగే శనివారం కోసం పాకులాడకండి. మొదటి వారంలో మంగళవారమో బుధవారమో గ్రౌండ్ పాస్ (సెంటర్ కోర్టు, 1వ, 2వ కోర్టులు కాక మిగతా బయటి కోర్టుల దగ్గరికి వెళ్ళనిచ్చే టికెట్) తీసుకుని వెళ్ళండి. పెట్టిన డబ్బుకీ సమయానికీ తగ్గ ఆట దొరికేది అప్పుడే. 2025 ఫైనల్లో ఇగా స్వియాటెక్ 6-0, 6-0తో అమందా అనిసిమోవాను ఓడించడానికి పట్టింది 57 నిమిషాలు. 2019లో సిమోనా హలెప్ 6-2, 6-2తో సెరెనా విలియమ్స్ మీద గెలవడానికి 56 నిమిషాలే తీసుకుంది. హలెప్ ఆ మ్యాచ్ మొత్తంలో చేసిన అనవసర తప్పులు మూడే, అంత గొప్పగా ఆడింది. అయినా ఏడాదంతా కాచుకుని టికెట్ సంపాదించినవాళ్ళకు దక్కింది గంట లోపు ఆట. మరోవైపు 2005లో వీనస్ విలియమ్స్, లిండ్సే డావెన్‌పోర్ట్‌ల ఫైనల్ 2 గంటల 45 నిమిషాలు సాగింది. ఫైనల్ టికెట్ కొంటే వీటిలో ఎలాంటిది వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. మొదటి వారంలో ఆ బెంగ లేదు. ఒక మ్యాచ్ చప్పగా ఉంటే లేచి పక్క కోర్టుకు వెళ్ళొచ్చు.

ఇలా చెప్పడానికి ఇంకో బలమైన కారణం ఈ పోటీ స్వభావమే. 2017 నుంచి 2025 దాకా విజేతలు వీళ్ళు: ముగురుజా, కెర్బర్, హలెప్, బార్టీ, రిబాకినా, వొండ్రుసోవా, క్రెజికోవా, స్వియాటెక్. 2020లో టోర్నీ రద్దయింది కాబట్టి ఎనిమిది టోర్నీలకు ఎనిమిది మంది, అందరికీ అదే తొలి వింబుల్డన్ సింగిల్స్ టైటిల్. పురుషుల వైపు 2003 నుంచి 2025 వరకు గెలిచినవాళ్ళను లెక్కపెడితే ఆరుగురే. 2023లో వొండ్రుసోవా అన్‌సీడెడ్‌గా (ముందువరసలో పెట్టే 32 మంది సీడ్‌లలో లేకుండా) వచ్చి గెలిచింది, లేడీస్ సింగిల్స్‌లో అంతకుముందు ఎవరూ అలా గెలవలేదు. మరుసటి ఏడాది క్రెజికోవా 31వ సీడ్. స్వితోలినా 2023లో వైల్డ్‌కార్డ్‌తో (నిర్వాహకులు ఇచ్చే ప్రత్యేక ప్రవేశంతో) వచ్చి సెమీస్ దాకా వెళ్ళింది. 2022లో 34 ఏళ్ళ టట్జానా మరియా ప్రపంచ ర్యాంకు 103తో వచ్చి సెమీస్ ఆడింది. 1999లో అలెగ్జాండ్రా స్టీవెన్సన్ క్వాలిఫయింగ్ (ముందుగా జరిగే అర్హత పోటీలు) నుంచి మొదలుపెట్టి అంత దూరం వచ్చింది. కాబట్టి రెండో వారం చివర్లో సెంటర్ కోర్టులో నిలబడబోయే క్రీడాకారిణి మొదటి వారంలో బయటి కోర్టులో, మీకు నాలుగు వరసల దూరంలో ఆడుతూ ఉండటం ఇక్కడ జరిగే పనే.

డ్రా (ఎవరు ఎవరితో ఆడాలన్న పట్టిక) ఎవరైనా గెలిచేలా ఇంత తెరిచి ఉండటానికి కారణం పచ్చిక. ఫ్రెంచ్ ఓపెన్ ముగిశాక వింబుల్డన్ మొదలవడానికి మధ్య మూడు వారాలే ఉంటాయి, 2015కు ముందైతే రెండే. ఏడాదిలో మిగతా కాలమంతా హార్డ్ కోర్టుల మీదా మట్టి మీదా ఆడేవాళ్ళు ఒకటి రెండు టోర్నీలతో, ఒక్కోసారి అదీ లేకుండా ఇక్కడికి వస్తారు. 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించిన రైగ్రాస్ మీద బంతి కిందికే ఉండి, జారినట్టు ముందుకు వస్తుంది. భుజం ఎత్తులో భారీ టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లేలా తిప్పి కొట్టడం) కొట్టడానికి అలవాటుపడ్డ రాకెట్ పట్టు ఉన్నవాళ్ళు మోకాలి కింద బంతిని లేపలేక ఇబ్బంది పడతారు. చదునుగా కొట్టేవాళ్ళు, బ్యాక్‌హ్యాండ్ స్లైస్ (బంతిని కింద నుంచి కోసినట్టు కొట్టడం) ఉన్నవాళ్ళు, ఎడమచేతి సర్వ్‌తో ఎదుటివాళ్ళను కోర్టు పక్కకు లాగేవాళ్ళు తమ ర్యాంకును మించి ఆడతారు. టట్జానా మరియా ఫోర్‌హ్యాండ్ కూడా స్లైసే ఎక్కువగా వాడుతుంది. మట్టి మీద అంతగా నడవని ఆ ఆట ఇక్కడ సెమీస్‌కు తీసుకెళ్ళింది.

డ్రా శుక్రవారం ఉదయం 10 గంటలకు తీస్తారు, సోమవారం ఆట మొదలు. మొత్తం 128 మంది: ర్యాంకు మీద నేరుగా వచ్చేవాళ్ళు 104, క్వాలిఫయర్లు 16, మిగతా 8 వైల్డ్‌కార్డ్‌లు. 32 మందికి సీడింగ్ ఇచ్చి మూడో రౌండ్ వరకు సీడ్‌లు ఒకరికొకరు ఎదురుపడకుండా పేరుస్తారు. చాలామంది డ్రా కాగితంలో సీడ్‌ల పేర్లే చూసుకుని ఏ రోజు వెళ్ళాలో నిర్ణయించుకుంటారు. మీరు సీడ్‌కు ఎదురుగా ఉన్న పేరు చూడండి. 33 నుంచి 60 మధ్య ర్యాంకులో ఉండి పచ్చిక మీద ఆడటం వచ్చినవాళ్ళు, గాయం నుంచి తిరిగొచ్చి ర్యాంకు పడిపోయినవాళ్ళు, ప్రసవం తర్వాత మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు. ఈ మూడు రకాల వాళ్ళు మొదటి రౌండ్లో పెద్ద సీడ్‌కు తగిలితే ఆ మ్యాచ్‌ను వదలొద్దు. 2025 మొదటి మంగళవారం ఒక్కరోజులోనే రెండో సీడ్ కోకో గాఫ్, మూడో సీడ్ జెస్సికా పెగులా, ఐదో సీడ్ జెంగ్ కిన్‌వెన్ ఓడిపోయారు. గాఫ్‌ను ఓడించిన యస్ట్రెమ్‌స్కా, పెగులాను ఓడించిన కోచారెట్టో, జెంగ్‌ను ఓడించిన సినియాకోవా ముగ్గురికీ సీడింగ్ లేదు.

రోజుల లెక్క ఇలా ఉంటుంది. సోమ, మంగళ మొదటి రౌండ్. బుధ, గురు రెండో రౌండ్. శుక్ర, శని మూడోది. 2022 నుంచి మధ్య ఆదివారం కూడా ఆట ఉంది కాబట్టి నాలుగో రౌండ్ ఆది, సోమ. క్వార్టర్స్ మంగళ, బుధ, రోజుకు రెండేసి. గురువారం రెండు సెమీస్, శనివారం ఫైనల్. మొదటి రెండు రోజుల్లో మహిళల సింగిల్స్ మ్యాచ్‌లు రోజుకు 32 చొప్పున ఉంటాయి, బుధ, గురువారాల్లో 16 చొప్పున, ఆ తర్వాత 8. మూడో రౌండ్ నుంచి సింగిల్స్ చాలావరకు పెద్ద కోర్టులకు చేరుకుంటుంది, బయటి కోర్టుల్లో డబుల్స్, జూనియర్లు ఎక్కువవుతాయి. అందుకే గ్రౌండ్ పాస్‌తో సింగిల్స్ చూడాలనుకునేవాళ్ళకు గురువారం దాటితే లాభం బాగా తగ్గుతుంది. సెంటర్ కోర్టు టికెట్ ఉన్నవాళ్ళకు సోమవారం కంటే మంగళవారం మేలు అనడానికి చిన్న కారణం ఉంది. సంప్రదాయం ప్రకారం గతేడాది మహిళా విజేత మంగళవారం మధ్యాహ్నం సెంటర్ కోర్టులో తొలి మ్యాచ్ ఆడుతుంది. 2024లో వొండ్రుసోవా అలాగే వచ్చి జెస్సికా బౌజాస్ మనేరో చేతిలో 6-4, 6-2తో ఓడింది. డిఫెండింగ్ చాంపియన్ మొదటి రౌండ్లో ఓడటం 1994లో స్టెఫీ గ్రాఫ్ తర్వాత అదే.

ఇక టికెట్. ముఖ్యమైన దారులు నాలుగు. మొదటిది బ్యాలట్, అంటే లాటరీ. మైవింబుల్డన్ ఖాతాతో ముందు ఏడాదే దరఖాస్తు పెట్టుకోవాలి. పేరు వస్తే ఏ రోజు, ఏ కోర్టు అన్నది నిర్వాహకులే కేటాయిస్తారు, మీకు ఎంపిక లేదు. వద్దనుకుంటే ఊరుకోవచ్చు గానీ రోజు మార్చమని అడగలేరు, టికెట్ వేరేవాళ్ళ పేరుకు మార్చలేరు. కాబట్టి మహిళల సింగిల్స్ కోసమే వెళ్ళాలనుకునేవాళ్ళకు బ్యాలట్ అంత అనువైన దారి కాదు, మీకు పురుషుల సెమీస్ జరిగే శుక్రవారం రావచ్చు. రెండోది డిబెంచర్ టికెట్, అంటే క్లబ్‌లో ముందే పెట్టుబడి పెట్టి సీటు హక్కు పొందినవాళ్ళది. చట్టబద్ధంగా చేతులు మారగలిగేవి ఇవే, ధర చాలా ఎక్కువ. ఇవి కాక అనుమతి లేనివాళ్ళు వెబ్‌సైట్లలో అమ్ముతున్న టికెట్లు గేటు దగ్గర చెల్లవు, అక్కడ డబ్బు పోగొట్టుకోవద్దు. మూడోది క్యూ, నాలుగోది లోపలికి వెళ్ళాక రీసేల్ (వదిలేసిన సీట్లను మళ్ళీ అమ్మడం). ఈ రివ్యూలో ఎక్కువ మార్కులు ఈ చివరి రెండింటికే.

క్యూ వింబుల్డన్ పార్కులో మొదలవుతుంది. లండన్ మెట్రో రైలు డిస్ట్రిక్ట్ లైన్లో సౌత్‌ఫీల్డ్స్ స్టేషన్ దిగి దాదాపు పావుగంట నడక. సెంటర్ కోర్టు, 1వ కోర్టు, 2వ కోర్టు, ఒక్కోదానికి రోజూ దాదాపు 500 టికెట్లు క్యూ కోసం పక్కన పెడతారు. చివరి నాలుగు రోజులు మాత్రం సెంటర్ కోర్టు టికెట్లు క్యూలో ఉండవు, అంటే మహిళల సెమీస్, ఫైనల్ ఈ దారిలో దొరకవు. ఈ టికెట్లు కావాలంటే ముందురోజే వచ్చి గుడారం వేసుకోవాలి. ఇద్దరికి మించిన గుడారం ఒప్పుకోరు. క్యూలో మీ వరసకు నంబరు ఇస్తారు, ఒకరు నిలబడి నలుగురికి చోటు పట్టడం కుదరదు, ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. తెల్లవారుతూనే గుడారాలు విప్పించి సామాను లెఫ్ట్ లగేజీలో పెట్టిస్తారు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పెద్ద సామానుతో వచ్చి, దాన్ని అప్పగించే వరసలో మరో అరగంట పోగొట్టుకుంటారు. లోపలికి తీసుకెళ్ళే సంచి 40×30×30 సెంటీమీటర్లకు మించకూడదు, మనిషికి ఒకటే.

గ్రౌండ్ పాస్‌కు మాత్రం రాత్రి పడుకోనక్కర్లేదు. 2025లో మొదటి వారానికి దాని ధర 30 పౌండ్లు. మొదటి వారంలో రోజు మొత్తానికి, అంత ధరకు, అంత మంది ఆటగాళ్ళను చూపించే గ్రాండ్‌స్లామ్ టికెట్ ఇంకొకటి దొరకడం కష్టం. వింబుల్డన్‌లో పగలు ఒక టికెట్, రాత్రి ఇంకొక టికెట్ అని విడగొట్టి అమ్మరు, మిగతా మూడు గ్రాండ్‌స్లామ్‌లూ నైట్ సెషన్‌ను వేరుగా అమ్ముతాయి. ఉదయం 10కి గేట్లు తెరుస్తారు, 11కి బయటి కోర్టుల్లో ఆట మొదలు. పొద్దున్నే చేరుకున్నవాళ్ళు మొదటి మ్యాచ్ నుంచే కూర్చోవచ్చు. పది గంటల తర్వాత నింపాదిగా వచ్చినవాళ్ళకు లోపలివాళ్ళు బయటికి వస్తేగానీ చోటుండదు, ఎండలో వరస కదలదు. రోజులో అన్నిటికంటే విలువైన రెండున్నర గంటలు 11 నుంచి 1:30 వరకు ఉండేవే. 1వ కోర్టు ఒంటిగంటకు, సెంటర్ కోర్టు ఒకటిన్నరకు మొదలవుతాయి కాబట్టి పెద్ద కోర్టు టికెట్లున్నవాళ్ళు కూడా అంతవరకు బయటి కోర్టుల దగ్గరే ఉంటారు. ఒకటి దాటగానే వాళ్ళు లేచి వెళ్తారు, అప్పుడు మంచి సీట్లు ఖాళీ అవుతాయి. మీరు మొదటి మ్యాచ్ నిలబడి చూసినా రెండోదానికి కూర్చోగలుగుతారు.

ఏ కోర్టు? గ్రౌండ్ పాస్‌తో 3వ కోర్టులో రిజర్వు కాని సీట్లలోకి, 4 నుంచి 18 వరకు కోర్టుల దగ్గరికి వెళ్ళొచ్చు. వీటిలో నా ఓటు 12కీ 18కీ. రెండింటికీ మెట్ల వరసలున్నాయి, ఎత్తు నుంచి చూస్తే బంతి కోణం తెలుస్తుంది. 18వ కోర్టులో సీట్లు 782 మాత్రమే, ఇస్నర్, మాహు మూడు రోజులపాటు ఆడిన మ్యాచ్ జరిగింది ఇక్కడే. సీడ్ ఉన్న అమ్మాయి పేరు 12లోనో 18లోనో కనిపిస్తే ఆ మ్యాచ్‌కు ముందు మ్యాచ్ మధ్యలోనే వెళ్ళి కూర్చోండి, లేకపోతే బయట వరసలో నిలబడి చప్పట్లు వినాల్సి వస్తుంది. 3వ కోర్టు దాదాపు 2,000 మందికి సరిపోతుంది, కాని రిజర్వు సీట్లు పోగా మిగిలేవి త్వరగా నిండుతాయి. మిగతా చిన్న కోర్టుల్లో ఒకటి రెండు వరసల బల్లలే ఉంటాయి. అక్కడ చూపు కోర్టు మట్టానికే ఉంటుంది, బంతి లైన్ లోపల పడిందా బయట పడిందా మీకు అర్థం కాదు. కాని సర్వ్ వేగం, అడుగుల చప్పుడు, స్లైస్ పడ్డాక బంతి ఎంత తక్కువ లేచిందో ఇంత దగ్గరగా పెద్ద కోర్టులో ఎప్పటికీ చూడలేరు. 2025 జనవరి నుంచి అంతర్జాతీయ నియమాల్లోనే పక్కన కూర్చున్న కోచ్ సలహాలివ్వడానికి అనుమతి వచ్చింది. చిన్న కోర్టులో కోచ్ కూర్చున్న మూల దగ్గర చోటు దొరికితే సర్వ్ ఎటు వేయమంటున్నాడో, రిటర్న్‌కు వెనక్కి జరగమంటున్నాడో వినొచ్చు.

మ్యాచ్‌ల వరస ముందురోజు సాయంత్రం ప్రకటిస్తారు. దాన్ని సరిగా చదవకపోతే సగం రోజు ఎదురుచూపులకే పోతుంది. ఒక్కో బయటి కోర్టులో మొదటి రోజుల్లో సాధారణంగా నాలుగు మ్యాచ్‌లు, పురుషులవీ మహిళలవీ కలిపి. మహిళలది మూడు సెట్ల ఆట, ఒకటిన్నర నుంచి రెండున్నర గంటలు అనుకోవచ్చు. పురుషులది ఐదు సెట్లు, నాలుగు గంటలు దాటినా దాటుతుంది. కాబట్టి మీకు కావలసిన మహిళల మ్యాచ్ పురుషుల మ్యాచ్ తర్వాత రెండోదిగా ఉంటే అది 1కి మొదలవుతుందో 3:30కి మొదలవుతుందో చెప్పలేం. కోర్టులో తొలి మ్యాచ్‌గానో, మరో మహిళల మ్యాచ్ తర్వాతదిగానో ఉన్నవాటిని ముందు గుర్తుపెట్టుకోండి, వాటి చుట్టూ మిగతా రోజు పేర్చుకోండి. నాలుగో వరసలో ఉన్న మ్యాచ్‌ను నమ్ముకోవద్దు, చీకటి పడితే మరుసటి రోజుకు పోతుంది. కోర్టు నంబరు లేకుండా సాయంత్రానికి ఉంచిన మ్యాచ్‌లు కొన్నుంటాయి. ఏ కోర్టు ముందుగా ఖాళీ అయితే అక్కడికి వెళ్తాయి, అధికారిక యాప్‌లో ఉన్నట్టుండి నంబరు కనిపిస్తుంది. ఒక్కోసారి ఈ మ్యాచ్‌లకు మంచి సీట్లు అప్పటికప్పుడు దొరుకుతాయి.

వాన పడితే లెక్కంతా తారుమారవుతుంది. పైకప్పు ఉన్నవి రెండే: సెంటర్ కోర్టుకు 2009 నుంచి, 1వ కోర్టుకు 2019 నుంచి. మిగతావాటి మీద పరదాలు కప్పేసి ఆగుతారు. పైకప్పు మూయడానికి పది నిమిషాల లోపే పట్టినా, లోపల గాలిలో తేమ సర్దుకోవడానికి ఇంకా అరగంట దాకా ఆగుతారు. అలా మూసిన కప్పు కింద, ముఖ్యంగా మొదటి రెండు రోజుల్లో, పచ్చిక ఇంకా పచ్చిగా ఉండి కాలు జారుతుంది. 2021 మొదటి మంగళవారం సెంటర్ కోర్టులో సెరెనా జారి గాయపడి 3-3 దగ్గర ఆట వదిలేసింది. రెండో వారానికి బేస్‌లైన్ దగ్గర గడ్డి అరిగి నేల గట్టిపడుతుంది, కాళ్ళకు పట్టు దొరుకుతుంది, బంతి కొంచెం ఎక్కువ లేస్తుంది. అదే క్రీడాకారిణి మొదటి రౌండ్లో తడబడి, క్వార్టర్స్‌లో హాయిగా ఆడటానికి ఇదొక కారణం. ఇంకో ఇబ్బంది రాత్రి 11 గంటల గడువు. స్థానిక మండలి షరతు ప్రకారం ఆట అప్పటికి ఆగాలి. సెంటర్ కోర్టులో మూడో మ్యాచ్‌గా వేసిన మహిళల మ్యాచ్, ముందున్న పురుషుల మ్యాచ్ ఐదు సెట్లకు పోతే, ఈ గడువు నీడలో పడుతుంది. 2007 నుంచి పురుషులకూ మహిళలకూ సమాన ప్రైజ్‌మనీ ఇస్తున్న నిర్వాహక క్లబ్ (2025లో విజేతకు 30 లక్షల పౌండ్లు, మొదటి రౌండ్లో ఓడినవాళ్ళకు 66 వేలు) మ్యాచ్‌ల వరస వేయడంలోనూ అంతే శ్రద్ధ చూపించాలి.

మ్యాచ్ నడిచే తీరు తెలిస్తే కూర్చోవడం, లేవడం తేలిక. పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 సెకన్లు, వైపులు మారేటప్పుడు 90 సెకన్లు, సెట్ ముగిస్తే 120. సీట్లలోకి పంపేది ఈ విరామాల్లోనే. సెట్లో మొదటి గేమ్ తర్వాత వైపులు మారతారు గానీ కూర్చోరు, అప్పుడు ఎక్కువసేపు తలుపు తెరవరు. టైబ్రేక్ (6-6 దగ్గర సెట్‌ను పాయింట్లతో తేల్చే గేమ్) మొదలైతే అసలు కదలొద్దు. బంతులు తొలిసారి 7 గేమ్‌లకు, ఆపైన 9 గేమ్‌లకోసారి మారుస్తారు. కొత్త బంతులు ఎవరి సర్వ్‌కు వస్తున్నాయో గమనించండి. పాతబడ్డ బంతి బొచ్చు లేచి నెమ్మదిస్తుంది, రిటర్న్ చేసేవాళ్ళకు అనుకూలం. కొత్త బంతి పచ్చిక మీద ఇంకా జారుతుంది. 3-3 దగ్గర పాత బంతులతో సర్వ్ చేయాల్సి వచ్చిన అమ్మాయి రెండో సర్వ్ మీద అందరి కళ్ళూ ఉండాలి. మూడో సెట్లో 6-6 వస్తే 2022 నుంచి 10 పాయింట్ల టైబ్రేక్. 2024 సెమీస్‌లో పావోలిని వెకిచ్‌ను 2-6, 6-4, 7-6 (10-8)తో ఓడించింది ఇలాగే. 2 గంటల 51 నిమిషాలు, వింబుల్డన్ మహిళల సెమీఫైనల్స్‌లో అంతకంటే పొడవైనది లేదు.

ఆ మాటకొస్తే, పెద్ద కోర్టు టికెట్‌కే డబ్బు పెట్టగలిగినవాళ్ళకు నా సలహా గురువారం సెమీస్. ఒకే టికెట్ మీద మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రెండు మహిళల సెమీఫైనల్స్, ఆపైన 2025లో మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్ కూడా అదే రోజు. రెండూ ఏకపక్షం అయ్యే అవకాశం ఒకటి ఏకపక్షం అయ్యేదానికంటే తక్కువ, పైగా పురుషుల సింగిల్స్ కోసం కాచుకోవాల్సిన పని లేదు. ఫైనల్ 2025 నుంచి సాయంత్రం 4కి మారింది, దానికి ముందు ఒంటిగంటకు పురుషుల డబుల్స్ ఫైనల్ పెట్టారు. అది మంచి మార్పే, ఫైనల్ గంటలో ముగిసినా రోజు వృథా అనిపించదు. రెండో వారంలో క్యూ ద్వారా దక్కే మంచి అవకాశం క్వార్టర్స్ రోజుల్లో 1వ కోర్టు. 12 వేల పైచిలుకు సీట్లున్న ఆ కోర్టులో మంగళ, బుధవారాల్లో సాధారణంగా ఒక మహిళల క్వార్టర్, ఒక పురుషుల క్వార్టర్ వేస్తారు.

2025లో లైన్ జడ్జీలను పూర్తిగా తీసేసి కెమెరాలతో లైన్ కాల్స్ (బంతి లోపల పడిందా బయట పడిందా అన్న నిర్ణయాలు) మొదలుపెట్టారు. 147 ఏళ్ళ అలవాటు పోయింది. నిర్ణయాలు వేగంగా వస్తాయి, చాలెంజ్‌ల కోసం ఆగడం లేదు, ఇది నిజమైన లాభం. కానీ మొదటి ఏడాదే తప్పు దొర్లింది. పావ్లుచెంకోవా, సోనయ్ కార్తల్ నాలుగో రౌండ్ మ్యాచ్‌లో సెంటర్ కోర్టు ఒక భాగంలో వ్యవస్థను పొరపాటున ఆపేశారు. 4-4 దగ్గర, పావ్లుచెంకోవాకు గేమ్ పాయింట్ ఉన్నప్పుడు, స్పష్టంగా బయట పడ్డ బంతికి కాల్ రాలేదు. అంపైర్ పాయింట్‌ను మళ్ళీ ఆడించాడు, ఆ గేమ్ ఆమె పోగొట్టుకుంది. చివరికి 7-6, 6-4తో గెలిచింది కాబట్టి గొడవ సద్దుమణిగింది. తర్వాత ఆపరేటర్లు చేత్తో ఆపేసే వీలు లేకుండా మార్చారు. నాకు నచ్చనిది ఏమిటంటే, యంత్రం మౌనంగా ఉన్నప్పుడు కళ్ళెదుట చూసిన అంపైర్ తనే అవుట్ అనే ధైర్యం చేయకపోవడం. చిన్న కోర్టుల్లో కాల్ గొంతు వినపడటం లేదని కొందరు క్రీడాకారిణులు అన్నారు, జనం అరుస్తున్నప్పుడు ఇది ప్రేక్షకులకూ సమస్యే. స్కోరుబోర్డు వైపు చూడటం అలవాటు చేసుకోండి.

అసలు వింబుల్డన్‌కు ముందు వారం రోహాంప్టన్‌లో జరిగే క్వాలిఫయింగ్ గురించి చాలామందికి తెలియదు. అక్కడా 128 మంది, మూడు రౌండ్లు, మిగిలేది 16 మంది. తోపులాట ఉండదు, కోర్టుకు ఆనుకుని నిలబడొచ్చు. సీట్లు తక్కువ, నీడ తక్కువ, పైకప్పు లేదు, పెద్ద పేర్లు ఉండవు. మూడో రౌండ్ రోజు వెళ్ళండి. గెలిస్తే ప్రధాన డ్రా, ఓడితే ఎవరైనా తప్పుకుంటే దొరికే లక్కీ లూజర్ చోటు కోసం ఎదురుచూపు. ఆ తేడా ఆటలో కనిపిస్తుంది, రెండో సర్వ్‌లో మరీ కనిపిస్తుంది.

చివరగా రీసేల్ గురించి. గ్రౌండ్ పాస్‌తో లోపల ఉన్నవాళ్ళు యాప్‌లో వర్చువల్ వరసలో చేరితే, త్వరగా ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళు వదిలిన పెద్ద కోర్టు సీట్లు కొద్ది పౌండ్లకే వస్తాయి, ఆ డబ్బు సేవా కార్యక్రమాలకు పోతుంది. లోపలికి రాగానే ఆ వరసలో చేరిపోండి, సాయంత్రం గుర్తొచ్చి చేరితే ముందు వేలమంది ఉంటారు. ఫోన్ చార్జింగ్ అయిపోతే పిలుపు వచ్చినా అందదు, పవర్ బ్యాంక్ తప్పనిసరి. పిలుపు వచ్చిన సమయానికి ఏ కోర్టులో ఏది నడుస్తోందో చూసుకుని తీసుకోండి. సెంటర్ కోర్టులో పురుషుల మ్యాచ్ రెండో సెట్లో ఉండి, 2వ కోర్టులో మహిళల మ్యాచ్ మొదలవబోతుంటే, 4,000 సీట్ల ఆ 2వ కోర్టే మీకు సరైనది. మీరు పెద్ద కోర్టు టికెట్‌తో వచ్చి ముందే వెళ్ళిపోతుంటే బయటికి వెళ్ళేటప్పుడు టికెట్ స్కాన్ చేయించడం మరిచిపోవద్దు, చేయించకపోతే ఆ సీటు రాత్రి దాకా ఖాళీగానే ఉండిపోతుంది.